కందగడ్డ చిప్స్ చేద్దాం, లెక్క రాద్దాం

 

శివరాత్రి వచ్చిందంటే తిమ్మాజిపేట దిక్కు ఇంటింటికీ కందగడ్డ వస్తుంది. ఒక్కపొద్దు ఉన్నవాళ్లు ఉడకబెట్టుకొని తింటారు. కొందరు దీన్ని చిలగడదుంప అంటారు. ఇంకొందరు గెనుసుగడ్డ అంటారు. పేర్లు వేరు, గడ్డ ఒకటే. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసువాళ్లు ఓడల్లో మన దేశానికి తెచ్చారు.

పండుగ పోయినంక కందగడ్డను అడిగేవాళ్లు తగ్గుతారు. గడ్డలు గంపల్లో మిగులుతాయి. అదే ఇంట్లో పిల్లలు చిప్స్ ప్యాకెట్ కోసం ఏడుస్తారు. తల్లి కొంగు ముడి విప్పి పది రూపాయలు ఇస్తుంది. ఆ చిప్స్ ఇంట్లోనే చేయవచ్చు కదా!

ముందు గడ్డను చూడాలె. గట్టిగా, నున్నగా ఉన్నది తీసుకోవాలె. పురుగు తొలిచినది, నల్లబడి బూజు పట్టినది వద్దు. అటువంటి గడ్డ చేదెక్కుతుంది. అందులో విషం పుడుతుంది. ఉడకబెట్టినా, వేయించినా అది పోదు. అలాంటి గడ్డను పశువులకు కూడా వేయవద్దు. బర్రెకు, ఆవుకు ఊపిరి ఆడక ప్రాణం మీదికి వస్తుంది. గుంత తీసి పూడ్చాలె.

ఇక చేసే పద్ధతి వినండి.

గడ్డలను మట్టి లేకుండా కడగాలె. తొక్క తీయాలె. పలుచగా, అన్నీ ఒకే మందంగా చక్రాల్లాగ కోయాలె. ఉప్పు నీళ్లలో పావుగంట ఉంచాలె. అట్లా చేస్తే పైనున్న పిండి పోతుంది, ముక్కలు అంటుకోవు. తర్వాత గుడ్డ మీద పరిచి తడి లేకుండా తుడవాలె. తడి ఉంటే నూనె చిట్లి ముఖం మీద పడుతుంది.

మూకుడులో నూనె సగానికి మించి పోయవద్దు. ఒక ముక్క వేసి చూడాలె. వెంటనే పైకి తేలితే నూనె కాగినట్టు. కొన్ని కొన్ని ముక్కలే వేయాలె. మంట మధ్యరకంగా ఉండాలె. కందగడ్డలో చక్కెర ఉంటుంది. పెద్ద మంట పెడితే పైన మాడిపోతుంది, లోపల మెత్తగానే ఉంటుంది. నూనెలో బుడగలు తగ్గితే ముక్కలో తడి పోయినట్టు. అప్పుడు చిల్లుల గంటెతో తీయాలె. వేడి మీదనే ఉప్పు, కారం చల్లాలె. పూర్తిగా చల్లారినంకనే డబ్బాలో పెట్టి మూత బిగించాలె. వేడిగా పెడితే ఆవిరి పట్టి మెత్తబడతాయి.

పొయ్యి దగ్గర జాగ్రత్త! కొంగు నడుముకు దోపుకోవాలె. పసిపిల్లలను దగ్గరికి రానీయొద్దు. నూనె అంటుకుంటే నీళ్లు పోయవద్దు, మంట ఇంకా ఎగుస్తుంది. పొయ్యి ఆర్పి, మూకుడు మీద పళ్లెం మూయాలె. చెయ్యి కాలితే చల్లని నీళ్ల కింద ఇరవై నిమిషాలు పెట్టాలె. సిరా, పేస్టు పూయొద్దు. పెద్ద గాయమైతే వెంటనే దవాఖానకు పోవాలె.

కొందరు అక్కలు చిప్స్ చేసి అమ్మాలని అనుకుంటారు. మంచిదే. కానీ నోటి లెక్క మోసం చేస్తుంది. కాగితం మీద రాసి చూద్దాం.

రెండు కిలోల గడ్డకు 60 రూపాయలు. నూనెకు 40. ఉప్పు, కారానికి 5. పొయ్యి ఖర్చు 15. సంచులకు 10. మొత్తం 130 రూపాయలు అనుకుందాం.

రెండు కిలోల గడ్డకు రెండు కిలోల చిప్స్ రావు. తొక్క పోతుంది, నీరు పోతుంది. 700 గ్రాములు వచ్చాయనుకుందాం. 50 గ్రాముల చొప్పున 14 ప్యాకెట్లు అవుతాయి. పది రూపాయలకు అమ్మితే 140 వస్తాయి. మిగిలేది పదే రూపాయలు! పొద్దంతా పొయ్యి ముందు కూర్చున్న కష్టానికి కూలి ఏది? పదిహేనుకు అమ్మితే 210 వస్తాయి. 80 మిగులుతాయి. ఆడవాళ్ల కష్టం లెక్కలోకి రావాలంటే ముందు కాగితం మీదికి రావాలె.

ఒక్క మాట మరువొద్దు. వేయించినవి అప్పుడప్పుడు తినేవే. రోజూ పెట్టాలంటే ఉడకబెట్టిన గడ్డే మేలు. లోపల నారింజ రంగున్న గడ్డలో కంటిచూపుకు కావలసిన విటమిన్ 'ఎ' మెండుగా దొరుకుతుంది.

ఇంటికి పోయినంక నోటుబుక్కు తీయండి. మీ ఊరి ధరలు వేసి ఈ లెక్క మళ్లీ చేయండి. కింద మీ పేరు మీరే రాయండి.