సీటు వెనక పెట్రోలు ట్యాంకు

అమెరికాలో 1972 నాటి షెవర్లే సీ-10 పికప్ తలుపు తీస్తే, సీటు వెనకే పెట్రోలు ట్యాంకు! డ్రైవరు వీపుకి ఆనుకున్నట్టే. ఎండ ముదిరితే క్యాబంతా పెట్రోలు వాసన. 1973 మోడల్‌లో కంపెనీ దాన్ని బయటికైతే తెచ్చింది గానీ, ఛాసిస్‌కి వెలుపలి పక్కన తగిలించింది. పక్కనుంచి ఏ బండైనా గుద్దితే దెబ్బ నేరుగా ట్యాంకుకే. దానిమీద కోర్టు కేసులు ఏళ్ల తరబడి నడిచాయి.

అందుకే పాత బండ్ల ప్రియులు ట్యాంకును వెనక ఇరుసు దాటాక, ఛాసిస్ పట్టాల మధ్యకు మారుస్తారు. స్టెప్నీకి వేరే చోటు వెతుక్కోవాలి, అంతే. పెట్రోలు పోసే గొట్టం వాలుగా దిగాలి. గాలి పోయే సన్న గొట్టం లేకపోతే పోసిన పెట్రోలు ఎగజిమ్ముతుంది. సైలెన్సర్ గొట్టానికి ట్యాంకు దూరంగా ఉండాలి.

పెట్రోలు గేజి సంగతి మరో తిరకాసు. ఆ కాలపు షెవర్లేలో ట్యాంకులోని సెండర్ (పెట్రోలు మట్టం కొలిచే భాగం) గేజికి చూపే నిరోధం ట్యాంకు ఖాళీ అయితే 0 ఓమ్‌లు, నిండితే 90. ఫోర్డుది తలకిందులు: ఖాళీకి 73, నిండితే 10. ఒకదాని సెండర్‌ని మరోదాని గేజితో కలిపి బిగిస్తే ముల్లు అబద్ధాలు చెబుతుంది.

ఒక్క మాట. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలేది. పాత ట్యాంకు దగ్గర వెల్డింగ్ మాత్రం చేయించకండి.