రెండో మానిటర్ కొనాలా? మూసాపేట రూమ్‌లో ఎడిటింగ్ ముచ్చట్లు

మూసాపేట నుంచి మాట్లాడుతున్నా. మన చుట్టుపక్కల, కూకట్‌పల్లి వైపు కూడా, పగలు ఐటీ జాబ్, రాత్రి పెళ్లి వీడియోలు, రీల్స్ ఎడిటింగ్ చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, చేతిలో కొంచెం డబ్బులున్నాయి. ర్యామ్ పెంచాలా, రెండో మానిటర్ కొనాలా?"

ముందే చెప్పేస్తా. రెండో మానిటర్ పెట్టినంత మాత్రాన ఎక్స్‌పోర్ట్ టైం ఒక్క సెకను కూడా తగ్గదు. 8 జీబీ ర్యామ్‌లో 4కె క్లిప్పులు వేసి టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తుంటే, ఆ డబ్బులు ర్యామ్‌కే పెట్టండి. సిస్టమ్ బాగానే నడుస్తోంది, ప్యానెళ్లు మూయడం, తెరవడం, జూమ్ చేయడంలోనే రాత్రి గడిచిపోతోంది అంటే అప్పుడు మానిటర్.

పెళ్లి వీడియోనే తీసుకోండి. జీలకర్ర బెల్లం పెట్టే ఆ కొద్ది సెకన్లకి మూడు కెమెరాల క్లిప్పులు ఉంటాయి. 15.6 ఇంచుల ల్యాప్‌టాప్‌లో కింద టైమ్‌లైన్, ఒక పక్క క్లిప్పుల బిన్, ఇంకో పక్క ఎఫెక్ట్స్. ఇవన్నీ పోగా ప్రివ్యూకి మిగిలేది పోస్ట్‌కార్డంత జాగా. అంత చిన్నదాంట్లో ఏ షాట్ అయినా షార్ప్‌గానే కనిపిస్తుంది. ఫోకస్ పెళ్లికూతురి ముఖం మీద కాకుండా వెనక పూలదండ మీదికి పోయిందని అక్కడ తెలీదు. తెలిసేది ఎక్కడ? పెళ్లివాళ్ల ఇంట్లో, 55 ఇంచుల టీవీలో, చుట్టాలందరి ముందు. ఆ ముహూర్తం మళ్లీ రాదు, పక్క కెమెరాలో మంచి షాట్ ఉండి కూడా వాడనట్టే. నా లెక్కలో రెండో మానిటర్ అసలు ఉపయోగం ఇదే. స్పీడ్ తర్వాత సంగతి.

సెటప్‌కి వద్దాం. రెండు ఫుల్ హెచ్‌డీ మానిటర్లు పక్కపక్కన పెడితే 3840 బై 1080 పిక్సెళ్ల జాగా. విండోస్‌లో విండోస్ కీ, పి కలిపి నొక్కి 'ఎక్స్‌టెండ్' ఎంచుకోండి. 'డూప్లికేట్' పెడితే రెండిట్లో ఒకే బొమ్మ, లాభం లేదు. ప్రీమియర్ ప్రోలో ఏ ప్యానెల్‌నైనా అన్‌డాక్ చేసి రెండో స్క్రీన్‌కి లాగేయొచ్చు. డావిన్సీ రిజాల్వ్‌లో అయితే వర్క్‌స్పేస్ మెనూలో డ్యూయల్ స్క్రీన్ ఆన్ చేయాలి. అందులో ప్రీమియర్‌లో ఉన్నంత స్వేచ్ఛ ఉండదు, కానీ ఫ్రీగా వస్తున్నదానికి అది ఎక్కువే.

నేను టైమ్‌లైన్, ప్రోగ్రామ్ ప్రివ్యూ రెండూ ఎదురుగా ఉన్న స్క్రీన్‌లో పెడతాను. బిన్‌లు, స్కోప్‌లు, ఆడియో మిక్సర్ పక్కదాంట్లో. షాట్ చెక్ చేసేటప్పుడు మాత్రం పక్క స్క్రీన్ మొత్తం ప్రివ్యూకే ఇచ్చేస్తా. కొందరు రెండిటినీ సరిగ్గా సగంసగం పెట్టి మధ్యలో కూర్చుంటారు. అప్పుడు ముక్కుకి ఎదురుగా ఉండేది రెండు ఫ్రేముల మధ్య గీతే! గంటల తరబడి మెడ పక్కకే తిరిగి ఉంటుంది. వద్దు.

రీల్స్ చేసేవాళ్లకి ఒక మంచి సంగతి. రీల్ సైజు 1080 బై 1920. ఫుల్ హెచ్‌డీ మానిటర్‌ని నిలువుగా తిప్పితే కూడా సరిగ్గా అంతే. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 'పోర్ట్రెయిట్' పెడితే, జనం ఫోన్‌లో చూసే ఆకారంలోనే మీ ముందు పెద్దగా కనిపిస్తుంది. క్యాప్షన్ ఎక్కడ పడుతోందో, ముఖం మీదికి వస్తోందో అప్పుడే తెలిసిపోతుంది. దీనికి తిరిగే స్టాండ్ కావాలి.

అలాంటి స్టాండ్లు ఆఫీసులకి అమ్మే మోడళ్లలో ఎక్కువగా ఉంటాయి. అందుకే సెకండ్‌హ్యాండ్ చూడమంటాను. మూసాపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో లైన్ మారి, ప్యారడైజ్‌లో దిగితే సికింద్రాబాద్ సీటీసీ, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్, దగ్గరే. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆటో మాట్లాడుకోండి! షాపులోనే ప్లగ్ పెట్టించి, ఒకసారి పూర్తి తెలుపు, ఒకసారి పూర్తి నలుపు బొమ్మ వేసి చూడండి. తెలుపులో పసుపు మచ్చలు, నలుపులో వెలిగే చుక్కలు కనిపిస్తే పక్కన పెట్టేయండి. ఐపీఎస్ ప్యానెలే అడగండి. టీఎన్ ప్యానెల్‌ని పక్క నుంచి చూస్తే రంగు మారిపోతుంది, మీరేమో దాన్ని పక్క నుంచే చూస్తారు. రెండు కంపెనీల మానిటర్లలో ఒకే పెళ్లి చీర రెండు రంగుల్లో కనిపిస్తుంది, కంగారు పడకండి. కలర్ మాత్రం ఎప్పుడూ ఒక్కదాంట్లోనే చూసి డిసైడ్ అవ్వండి.

డబ్బులిచ్చే ముందు టేప్ పట్టుకొని టేబుల్ కొలవండి. 24 ఇంచుల మానిటర్ వెడల్పు సుమారు 54 సెంటీమీటర్లు. రెండు పెడితే మూడున్నర అడుగులు. మన సింగిల్ రూముల్లో ఉండే మూడడుగుల టేబుల్ మీద పట్టవు. ఒకటి నిలువుగా పెడితే పట్టేస్తాయి.

కేబుల్ విషయం. డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే రెండు మానిటర్లూ ఆ కార్డ్‌కే పెట్టండి, మదర్‌బోర్డ్‌కి కాదు. ల్యాప్‌టాప్‌లో టైప్-సి పోర్ట్ ఉన్నంత మాత్రాన బొమ్మ రాదు, ఆ పోర్ట్‌కి డిస్‌ప్లే సపోర్ట్ ఉండాలి. హెచ్‌డీఎంఐ ఉంటే తలనొప్పి లేదు.

"అన్నా, ఫోన్‌నే రెండో స్క్రీన్ చేస్తే?" చేయొచ్చు, వైఫై మీద నడిచే యాప్‌లు ఉన్నాయి. క్లయింట్ పంపిన పాటల లిస్ట్, చాట్ దాంట్లో పెట్టుకోవడానికి బాగుంటుంది. ప్రివ్యూకి పనికిరాదు, బొమ్మ లేట్‌గా వస్తుంది, కట్ ఎక్కడ పడిందో కంటికి దొరకదు. ఫోన్‌ని చివర్లో వాడండి: రీల్ ఎక్స్‌పోర్ట్ అయ్యాక బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, బాల్కనీలో నిలబడి ఒకసారి చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో ప్రాక్సీల గురించి, అదీ పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ల కోసం. ఉంటా మరి.