పల్లె రోడ్డుకు కంప్యూటరు పద్దు
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



పంట పండించుట ఒక ఎత్తు, దానిని చెడకుండ మార్కెట్టుకు చేర్చుట మరియొక ఎత్తు. బాగుగా పండిన టమాటా గుంతల దారిలో నలిగి యార్డుకు చేరులోపుననే ధర కోల్పోవును. లారీ ఊరిలోనికి రాలేనిచో ధాన్యమును ట్రాక్టరుపై పెద్ద రోడ్డు వరకు తోలి మరల ఎత్తవలెను. ఆ బాడుగ, ఆ హమాలీ కూలి రైతుమీదనే పడును. కనుక రోడ్డు సంగతి ఇంజనీర్లదే గాని మనది కాదని ఊరకుండ వీలులేదు.

భూమికి అడంగలు, పహాణీ ఉన్నట్లే నేడు పల్లె రోడ్డుకు కూడ పద్దు ఉన్నది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న ప్రారంభమైనది. 2001 జనాభా లెక్కల ప్రకారము మైదాన ప్రాంతములలో 500, కొండ, గిరిజన, ఎడారి ప్రాంతములలో 250, అంతకు మించి జనమున్న ఆవాసములకు అన్ని కాలములలో నడచు రోడ్డు వేయుట దాని ఆశయము. ఇందుకై రోడ్ల పటములు తయారుచేసి ప్రతి దారికి ఒక సంఖ్య ఇచ్చిరి. అనేక గ్రామముల రాకపోకలు కలిసి సాగు దారి ‘టి’ అక్షరముతోను, ఊరిని దానికి కలుపు దారి ‘ఎల్’ అక్షరముతోను మొదలగును. ఒకటి పెద్ద కాలువ, రెండవది పిల్లకాలువ అనుకొనుడు.

ఈ లెక్కలన్నియు ‘ఓమాస్’ అను కంప్యూటరు వ్యవస్థలో ఉన్నవి. ఏ రోడ్డుకు ఎంత మంజూరైనది, పని ఎంతవరకు జరిగినది, ఎంత చెల్లించినారు అను వివరములు అందులో చేర్చుదురు. పౌరులకై ఉంచిన పట్టికలను ఎవరైనను చూడవచ్చును. 2022 ఫిబ్రవరిలో గ్రామీణ రోడ్ల పటములను, 8 లక్షలకు పైగా గ్రామీణ సౌకర్యముల స్థానములను కేంద్ర ప్రభుత్వము అందరికి అందుబాటులో ఉంచినది.

వీటితో రైతుకేమి పని అందురేమో. 2019లో ఆమోదము పొందిన మూడవ దశలో 1,25,000 కిలోమీటర్ల రోడ్లను మెరుగుపరచ నిర్ణయించిరి. ఏ రోడ్డు ముందు అను ప్రశ్నకు, ఆ దారి సేవించు వ్యవసాయ మార్కెట్లు, ఉన్నత పాఠశాలలు, ఆసుపత్రులు మొదలగు వాటికి మార్కులు వేసి జవాబు చూచిరి. మీ ఊరి గిడ్డంగి పటములో లేనిచో దాని మార్కు మీ రోడ్డుకు రాదు. పద్దులో తప్పు పడిన నష్టము పొలము గట్టు వరకు వచ్చును.

ఇక నిర్వహణ. ఈ పథకము క్రింద వేసిన రోడ్డును పని పూర్తియైన నాటినుండి 5 సంవత్సరములు అదే కాంట్రాక్టరు బాగుచేయవలెను. ఇంజనీరు తనిఖీ చేసి, స్థలము గుర్తుపడు ఫొటోలను ‘ఈమార్గ్’ అను వ్యవస్థలో చేర్చును. రోడ్డు నిలిచిన తీరును బట్టి చెల్లింపు జరుగును. రోడ్డు స్థితికి 1 నుండి 5 వరకు మార్కులు గలవు. కారు గంటకు 40 కిలోమీటర్లకు మించి సాఫీగా పోగలిగిన 5, పది కిలోమీటర్లయినను పోలేనిచో 1.

అయితే కంప్యూటరు తనంతట తాను రోడ్డుమీద నడువదు. మనము చెప్పినదే దానికి తెలియును. వేసవిలో తీసిన ఫొటోలో వానాకాలపు నీటి నిలువ కనబడదు. మురుగు పోని చేనిలో పత్తి వేరు కుళ్లినట్లే, ప్రక్క కాలువ పూడిన రోడ్డు అడుగున మెత్తబడును. పైన తారు బాగున్నట్లు కనిపించినను బండి బరువుకు క్రుంగును. ఆ సంగతి నాట్లనాడు ఆ దారిన పోవు మీకే ముందుగ తెలియును. 5 సంవత్సరముల గడువు లోపల చెప్పిన మరమ్మతు కాంట్రాక్టరు బాధ్యత. గడువు దాటినచో వేరు నిధులకై ఎదురుచూడవలెను.

కావున మీరు చేయదగిన పనులు ఇవి:

1. రోడ్డు మొదట ఉన్న బోర్డు చదివి రోడ్డు సంఖ్యను, పని పూర్తియైన తేదీని వ్రాసుకొనుడు. ఐదేండ్లు ఎప్పుడు నిండునో లెక్కించి పంచాయతీ గోడమీద వ్రాయించుడు.

2. తొలకరికి ముందు ఒకసారి, మొదటి పెద్దవాన తరువాత ఒకసారి నలుగురు కలిసి రోడ్డు పొడవునా నడువుడు. పూడిన తూములు, కోసుకొనిపోయిన అంచులు, గుంతలు గుర్తించుడు.

3. అక్కడికక్కడే ఫొటో తీసి ‘మేరీ సడక్’ యాప్ ద్వారా పంపుడు. ఇది 2015 జూలైలో వచ్చినది. ఫిర్యాదు సంఖ్యను భద్రపరచుడు. ఈ పథకమునకు చెందని రోడ్లకు పంచాయతీరాజ్ ఇంజనీర్లకు వ్రాతమూలకముగ అర్జీ ఇచ్చి, అందినట్లు సంతకము తీసుకొనుడు.

4. కంప్యూటరులో ఉన్న మీ రోడ్డు వివరములను చదువుకున్న యువకులచే గ్రామసభలో చదివించుడు. పటములో మీ గిడ్డంగి, మీ మార్కెట్టు ఉన్నవో లేవో చూడుడు. లేనిచో అధికారులకు తెలుపుడు.

ఇంకొక మాట. దమ్ము చేసిన ట్రాక్టరును ఇనుప చక్రములతోనే రోడ్డు ఎక్కించుట, గొట్టము కొరకు రోడ్డు తెగగొట్టుట, చేనిలోనికి దారికై ప్రక్క కాలువను మట్టితో పూడ్చుట మన చేతులతో మనము చేయు నష్టములు. చేనిలోనికి దారి కావలసినచో కాలువలో గొట్టము వేసి, నీరు పారునట్లు మట్టి కప్పవలెను.

2024 సెప్టెంబరులో నాలుగవ దశకు ఆమోదము లభించినది. 25,000 ఆవాసములకు 62,500 కిలోమీటర్ల రోడ్లు వేయుట లక్ష్యము. కొత్త రోడ్డు వచ్చుట సంతోషమే. వచ్చిన రోడ్డు పది పంటలు మోయుట దానికంటె లాభము. కనుక ఈ తొలకరికి ముందుగనే మీ రోడ్డు సంఖ్య తెలిసికొని, ఒకసారి నడచి చూడుడని కోరుచున్నాను.