మధుమేహము – మూలికలు – గణకయంత్రము



క్షురకర్మము, మంగళవాద్యము, వైద్యము – ఈ మూడును మన నాయీబ్రాహ్మణులకు పరంపరగా వచ్చిన వృత్తులు. వైద్యమున మన పెద్దలకు మూలికలే యాధారము. కావున మూలికలను కంప్యూటరను గణకయంత్రముతో పరిశీలించు నూతన పద్ధతిని గూర్చి ఈ మహాసభయందు విన్నవింపదలచితిమి. ఫలాని యాకు మధుమేహమును మాన్పునని కంప్యూటరు తేల్చినదను మాట నేడు పలుచోట్ల వినబడుచున్నది. దానిని నమ్మి మందులు మానినచో ప్రాణములకే ముప్పు. ఆ మాటలో నిజమెంతయో మన మెఱుంగవలసియున్నది.

భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగి, 2023లో ప్రకటింపబడిన పరిశీలన ననుసరించి, మన దేశమున మధుమేహరోగులు 10 కోట్లకు మించియున్నారు. ఇది మన యిండ్లను విడిచిపోయిన వ్యాధి కాదు.

మూలికలనుండి మంచి మందులు పుట్టుననుటకు సాక్ష్యములు గలవు. ఐరోపాఖండమున గెలీగా యను మొక్క యున్నది. దానియందలి గెలెజీను రక్తములోని చక్కెరను తగ్గించును గాని విషగుణము గలది. ఆ జాతికే చెందిన మెట్‌ఫార్మిన్ అను పదార్థము 1922లో డబ్లిన్ నగరమున తయారైనది. 1957లో ఫ్రెంచి వైద్యుడు స్టెర్న్ దానిని మధుమేహరోగులకిచ్చి ఫలితములను ప్రకటించెను. నేడు విరివిగా వాడబడు మాత్ర అదియే. తయారైన పిమ్మట రోగికి చేరుటకు ముప్పదియైదేండ్లు పట్టిన దని గమనింపుడు.

ఇట్టి యన్వేషణలో తొలిమెట్టును త్వరితము చేయునదియే గణకయంత్రము. తాళమునకు చెవి యమరునట్లు ఎంజైమునకు దాని పదార్థ మమరునని 1894లో ఎమిల్ ఫిషర్ అను జర్మను రసాయనవేత్త వివరించెను. మన ప్రేగులలో ఆల్ఫా గ్లూకోసిడేజ్ అను ఎంజైము పిండిపదార్థమును చక్కెరగా మార్చును. దాని గుంటలో వేఱొక చిన్న యణువు కూర్చున్నచో ఆ పని మందగించును. ఆకార్బోజ్ మాత్ర చేయునది యిదియే. ఇట్టి ప్రోటీనుల రూపములు 1971లో నెలకొల్పబడిన ప్రోటీను భాండాగారమున భద్రపఱుపబడుచున్నవి. మొక్కలలోని యొక్కొక్క యణువును ఆ గుంటలో పలువిధముల త్రిప్పి కూర్చుండబెట్టి, ఎంత గట్టిగా నంటునో యంత్రము అంచనా కట్టును. దీనిని డాకింగు అందురు. 1982లో కాలిఫోర్నియాయందు కుంట్జ్ ప్రభృతులు దీనికి త్రోవచూపిరి. 2018లో చెన్నై గణితశాస్త్ర సంస్థవారు 1742 భారతీయ మూలికలయందలి 9596 రసాయనముల పట్టికను ప్రకటించిరి. వాని నన్నిటిని చేతితో పరీక్షింప నేండ్లు పట్టును. ఏవి ముందు పరీక్షింపదగునో యంత్రము కొలదికాలమున సూచించును.

సూచించుననియే మేము చెప్పితిమి. అంచనా వేఱు, ఔషధము వేఱు. మ్రింగిన పదార్థము జీర్ణకోశమును దాటి రక్తమున చేరునా, కాలేయమునకు హాని చేయునా యను ప్రశ్నలకు ఆ యొక్క యంకె యుత్తరము చెప్పజాలదు. పసుపులోని కర్కుమిన్ పెక్కు పరీక్షలలో ఆశ కల్పించును. అయినను శరీరమున కది సరిగా నందదు. ఇక మన పొడపత్రిని చూడుడు. నమలినంతనే తీపి తెలియకుండ జేయు నా యాకులోని జిమ్నెమిక్ ఆమ్లముల యణుభారము సుమారు 800. నోటితో తీసికొను మందునకు 500 మించరాదను లిపిన్‌స్కీ సూత్రము (1997) ననుసరించినచో యంత్రము వానిని ప్రక్కకు నెట్టివేయును. కావున యంత్రము మెచ్చినది మందు కాకపోవచ్చును. త్రోసివేసినది నిరర్థకమును కాకపోవచ్చును. చేట గింజను చెఱిగి యిచ్చునే కాని యన్నము వండదు. పిదప గాజునాళికలలోను, జంతువులయందును, తుదకు మందు పుచ్చుకొనని వారితో పోల్చుచు మనుష్యులయందును పరీక్ష జరుగవలెను.

కావున మూడు మనవులు. మొదటిది: ఏ యాకునైనను నమ్మి వైద్యు డిచ్చిన మందును మానకుడు. ముఖ్యముగా, ఇన్సులిన్ పైననే యాధారపడిన బాలబాలికలకు దానిని నిలిపినచో కొలదిదినములలోనే ప్రాణాపాయము కలుగును. మాత్రలతోపాటు మూలికలు వాడువారు ఆ సంగతి వైద్యునకు చెప్పవలెను. రెండును గూడి చక్కెర మితిమీఱి తగ్గవచ్చును.

రెండవది: మన వృద్ధుల యెఱుక వారితోనే యంతరింపనీయకుడు. మొక్క పేరు, వాడు భాగము, కోయు ఋతువు, మోతాదు వ్రాసి యుంచుడు. 2002 నాటి జీవవైవిధ్య చట్టముననుసరించి గ్రామములందు వ్రాయబడు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులలో దానిని చేర్పింపుడు.

మూడవది పోషకులకు: డాకింగునకు వలయు ఆటోడాక్ వీనా వంటి సాధనములు ఉచితముగా లభించుచున్నవి, సామాన్యమైన కంప్యూటరుతోనే విద్యార్థి పని మొదలిడవచ్చును. రసాయన, ఔషధశాస్త్రములు చదువు మన బాలబాలికలకు వేతనము లొసగుడు. తాతలు మూలికను చేతితో నెఱిగిరి. మనుమలు, మనుమరాండ్రు దానిని పరీక్షించి యెఱుగవలెను. కులవృత్తికి మనము చేయదగిన గౌరవ మిదియే.