నానో మందు ట్యూమర్ దాకా ఎంత చేరుతుంది? వెయ్యిలో ఏడు!

ఈరోజు టాపిక్ మీలో చాలామంది షార్ట్స్‌లో చూసే ఉంటారు. రక్తంలో ఒక చిన్న రోబో ఈదుకుంటూ వెళ్తుంది, క్యాన్సర్ కణాన్ని కనిపెడుతుంది, సూదితో పొడుస్తుంది, అది టప్పున పేలిపోతుంది. వెనకాల మాస్ బీజీఎం. "క్యాన్సర్‌కి ఇక చెక్" అని థంబ్‌నెయిల్. నాకైతే వారానికి రెండు మూడు ఫార్వర్డ్‌లు వస్తాయి. ఆ యానిమేషన్ చేసినవాళ్ల పనితనానికి దండం పెట్టాలి. కాకపోతే అలాంటి రోబోతో ఏ ఆస్పత్రిలోనూ ట్రీట్‌మెంట్ జరగట్లేదు.

అలాగని నానో మెడిసిన్ అంతా ఉత్తిదే అనుకోకండి. అసలైన నానో మందులు 1995 నుంచి వాడుతున్నారు. మన దేశంలో కూడా తయారవుతున్నాయి. అవి రోబోలు కావు, కొవ్వుతో చేసిన బుడగలు. ఆ కథే ఈరోజు.

ముందు పాత మందు సంగతి. డాక్సోరుబిసిన్ అని ఒక కీమో మందు ఉంది. ఎర్రగా ఉంటుంది, ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ఇంట్లో ఎవరికైనా కీమో జరిగి ఉంటే ఆ రంగు మీకు గుర్తుండే ఉంటుంది. చాలా రకాల క్యాన్సర్ల మీద గట్టిగా పనిచేస్తుంది. చిక్కెక్కడంటే, అది గుండె కండరాన్ని కూడా దెబ్బతీస్తుంది. అందుకే ఒక మనిషికి జీవితం మొత్తంలో ఇంతే ఇవ్వాలి అని డాక్టర్లు లెక్క పెట్టుకుంటారు. అంటే మందు పనిచేస్తున్నా సరే, ఒక దశలో ఆపేయాల్సి వస్తుంది. ఎంత అన్యాయం చూడండి!

ఇక్కడ జెరూసలేంలో బారెన్‌హోల్జ్, గబిజోన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పని చేశారు. ఈ మందుని లైపోజోమ్ అనే కొవ్వు బుడగలో పెట్టారు. సైజు సుమారు 80 నుంచి 100 నానోమీటర్లు. మన ఎర్ర రక్తకణం ఏడెనిమిది వేల నానోమీటర్లు ఉంటుంది కాబట్టి దాని పక్కన ఈ బుడగ, లారీ పక్కన క్రికెట్ బాల్ లాంటిది. అంత చిన్నదాంట్లో మందు ఎలా పెట్టారనేదే నాకు బాగా నచ్చిన పార్ట్. బుడగ లోపల ముందే అమోనియం సల్ఫేట్ నింపి పెడతారు. బయటున్న మందు లోపలికి వెళ్లగానే ఆ ఉప్పుతో కలిసి గడ్డకడుతుంది, ఇక బయటికి రాలేదు. లోపలికి దారి ఉంది, బయటికి లేదు. చేపలు పట్టే మావు లాగా అన్నమాట. ఒక్కో బుడగలో పది వేలకు పైగా మందు అణువులు పడతాయి. పైన పీఈజీ అనే పాలిమర్ పూత వేస్తారు, మన రోగనిరోధక కణాలు వెంటనే గుర్తుపట్టకుండా.

అదే డాక్సిల్. 1995 నవంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. మామూలు మందులో చాలా భాగం నిమిషాల్లోనే రక్తంలోంచి వెళ్లిపోతే, ఇది రెండు మూడు రోజులు తిరుగుతూనే ఉంటుంది.

ఇంకో చిన్న విషయం. 2011లో అమెరికాలో తయారీ సమస్యలతో డాక్సిల్ దొరకలేదు. పేషెంట్లు వెయిటింగ్ లిస్ట్‌లో ఉన్నారు. 2012 ఫిబ్రవరిలో వాళ్ల ఎఫ్‌డీఏ ప్రత్యేక అనుమతి ఇచ్చి దిగుమతి చేసుకుంది మన సన్ ఫార్మా వాళ్ల లిపోడాక్స్‌ని. ఏడాది తర్వాత సన్ ఫార్మా జెనెరిక్‌కి మామూలు అనుమతే వచ్చేసింది. ఇది ఎందుకు ఫార్వర్డ్ అవ్వదో నాకర్థం కాదు.

సరే, బుడగ ట్యూమర్‌కే ఎందుకు వెళ్తుంది? దానికి అడ్రస్ ఎవరు చెప్పారు? 1986లో జపాన్‌లో మత్సుమురా, మాయెడా ఒక వివరణ ఇచ్చారు. ట్యూమర్ హడావుడిగా పెరుగుతుంది, దాని రక్తనాళాలు కూడా హడావుడిగా కట్టినవే, గోడల్లో కంతలు ఉంటాయి. బుడగలు ఆ కంతల్లోంచి కారి లోపల ఉండిపోతాయి. ఈపీఆర్ ఎఫెక్ట్ అంటారు. వినడానికి ఎంత బాగుందో! దీని మీదే దాదాపు ముప్ఫై ఏళ్లు వేల పేపర్లు వచ్చాయి.

ఇప్పుడు అసలు ట్విస్ట్. 2016లో టొరంటోలో వారెన్ చాన్ టీమ్ కూర్చుని, అంతకుముందు పదేళ్లలో వచ్చిన జంతు ప్రయోగాల డేటా అంతా పోగేసి లెక్క చూసింది. ఎక్కించిన నానో కణాల్లో ట్యూమర్ దాకా చేరినవి ఎన్ని? మీడియన్ 0.7 శాతం. మీరు వెయ్యి బిర్యానీ పార్సిళ్లు ఆర్డర్ పెడితే ఇంటికి ఏడు వచ్చాయి. మిగతావాటిలో ఎక్కువ భాగం ఎక్కడికి పోయాయి? లివర్, స్ప్లీన్ తీసేసుకున్నాయి. లివర్‌లో కుఫర్ కణాలు అని ఉంటాయి, రక్తంలో అనుమానంగా కనిపించిన ప్రతిదాన్నీ మింగేస్తాయి. అది వాటి డ్యూటీ, తప్పు పట్టలేం.

ఆ నంబర్ మీద గొడవ కూడా గట్టిగానే జరిగింది. ఆ లెక్క కట్టే పద్ధతి సరికాదని కొందరన్నారు. మామూలు కీమో మందు మాత్రం మొత్తం ట్యూమర్‌కే పోతుందా అని ఇంకొందరు అడిగారు. రెండో పాయింట్ న్యాయమైనదే అని నా అభిప్రాయం. కానీ ఆ 0.7 వల్ల జరిగిన మంచి ఏంటంటే, "కంతల్లోంచి కారుతుంది" అన్న మాటని మళ్లీ పరీక్షించాల్సి వచ్చింది. 2020లో అదే టీమ్ ఎలుకల్లో చూస్తే ట్యూమర్ రక్తనాళాల్లో కంతలు చాలా అరుదు. లోపలికెళ్లిన కణాల్లో 97 శాతం దాకా నాళం గోడలోని కణాలే స్వయంగా మోసి దాటించాయని తేలింది. అంటే గోడ దూకి పోలేదు, వాచ్‌మనే లోపలికి పంపించాడు! ఇదే నిజమైతే కంత సైజు కొలిచి డిజైన్ చేసిన ముప్ఫై ఏళ్ల ఆలోచన మార్చుకోవాలి. అదే ఏడాది ఇంకో పేపర్‌లో, ఎలుకకి ఒకేసారి లక్ష కోట్ల నానో కణాలకు పైగా ఇస్తే లివర్ చేతులెత్తేస్తుందని, అప్పుడు ట్యూమర్‌కి 12 శాతం దాకా చేరుతుందని చూపించారు. లక్ష కోట్లు అంటే బడ్జెట్ లెక్కలా ఉంది కదా.

గమనించారా, అన్నీ ఎలుకలే. ల్యాబ్‌లో ఇరవై గ్రాముల ఎలుకకి ఒక గ్రాము ట్యూమర్ పెంచారనుకోండి. అరవై కిలోల మనిషికైతే అది మూడు కిలోల గడ్డతో సమానం. పైగా అది వారాల్లో పెరిగింది. మనిషిలో ఏళ్ల తరబడి పెరిగిన ట్యూమర్ వేరు. అందుకే "క్యాన్సర్ మాయం" హెడ్‌లైన్ కనిపిస్తే ముందు లోపల "ఎలుక" అన్న పదం వెతకండి.

మరి మనుషుల్లో? మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా నాన్నగారికి పాంక్రియాస్ క్యాన్సర్. డాక్టర్ గారు నాబ్-పాక్లిటాక్సెల్ అన్నారు. ఇది నానో మందే కదా, తగ్గిపోతుందా?" తమ్ముడూ, నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ చేసినోణ్ణి. నాన్నగారి గురించి ఏం జరుగుతుందో నేను చెప్పలేను. పబ్లిష్ అయినది మాత్రం చెప్తాను.

అవును, అది నానో మందే. పాక్లిటాక్సెల్ నీళ్లలో కరగదు, పాత పద్ధతిలో క్రెమోఫోర్ అనే ద్రావకంలో కలిపేవాళ్లు. దాంతో కొందరికి తీవ్రమైన అలర్జీ వచ్చేది. దాని బదులు మన రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌తో సుమారు 130 నానోమీటర్ల కణాలు చేశారు. ద్రావకం గొడవ పోయింది. 2013లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో, ఒంట్లో ఇతర భాగాలకు పాకిన పాంక్రియాస్ క్యాన్సర్‌కి జెమ్‌సిటాబిన్ ఒక్కటే ఇస్తే మీడియన్ ఆయుష్షు 6.7 నెలలు, దీన్ని కూడా కలిపి ఇస్తే 8.5 నెలలు. తేడా 1.8 నెలలు.

థంబ్‌నెయిల్‌కి పనికిరాని నంబర్ ఇది. కానీ మీడియన్ అంటే సగంమంది అంతకన్నా ఎక్కువే ఉన్నారని కూడా అర్థం. ఇంకా నరాల తిమ్మిరి లాంటి సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయి. కాబట్టి డాక్టర్ గారిని "నానోనా కాదా" అని కాకుండా, "నాన్నగారి ఒంటి పరిస్థితికి ఇది తట్టుకోగలరా, ఎన్ని సైకిల్స్ తర్వాత స్కాన్ చేసి చూస్తారు, పనిచేయకపోతే తర్వాత ఏంటి" అని అడుగు. పేపర్ మీద రాసుకుని వెళ్లు, ఓపీలో కంగారులో మర్చిపోతాం. "నానో చికిత్స" అని ఆన్‌లైన్‌లో అడ్వాన్స్ కట్టమనేవాళ్లకి మాత్రం ఒక్క రూపాయి కూడా వేయొద్దు.

డాక్సిల్ కూడా అంతే. రొమ్ము క్యాన్సర్ పాకిన 509 మంది మహిళల్లో మామూలు డాక్సోరుబిసిన్‌తో పోల్చి చూశారు, ఫలితాలు 2004లో వచ్చాయి. క్యాన్సర్‌ని అదుపులో ఉంచడంలో రెండూ దాదాపు సమానం. గుండెకి దెబ్బ మాత్రం చాలా తగ్గింది. ఊరికే రాలేదు లెండి, అరచేతులు అరికాళ్లు ఎర్రబడి తోలు ఊడే సమస్య ఎక్కువైంది. అంటే బుడగ చేసిన పెద్ద మేలు ట్యూమర్ దగ్గరికి వెళ్లడం కన్నా, గుండె దగ్గరికి వెళ్లకపోవడం.

రక్త క్యాన్సర్‌లో వాడే విక్సియోస్ అని ఇంకోటి ఉంది, 2017లో వచ్చింది. దాంట్లో రెండు మందుల్ని 5:1 నిష్పత్తిలో ఒకే బుడగలో పెడతారు. నిష్పత్తి ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే ఇంకో పదిహేను నిమిషాలు పడుతుంది, అది వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.