వకు కొమ్మిస్తే మ అవుతుందా?

(స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

రజతోత్సవ సంచికను మళ్లీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పనికి ఇన్ని నెలలు ఎందుకు పట్టిందని చాలామంది అడుగుతున్నారు. “ఫైలు దొరికింది కదా, కాపీ కొడితే అయిపోదా?” అని మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రోజూ ఒకరైనా అంటున్నారు. ఆ జవాబు చెప్పడానికే కమిటీ వాళ్లు నాకు పది నిమిషాలు ఇచ్చారు.

ముందు మా ఫ్యాక్టరీ సంగతి చెబుతాను. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో మేం పనిచేసే చోట ఒక యంత్రం ఉంది. యంత్రం చైనాది, దాని కంట్రోల్ ప్యానెల్ తైవాన్‌ది. అలారం మోగినప్పుడు తెర మీద వచ్చే సందేశాల ఫైలును చైనా వాళ్లు పంపారు. ప్యానెల్‌లో ఎక్కిస్తే చైనీస్ అక్షరాలే కనిపించాయి గాని, ఆ భాష చదవగలిగిన మనిషికి కూడా ఒక్క ముక్క అర్థం కాలేదు. కారణం ఏమిటంటే కంప్యూటర్ అక్షరాన్ని దాచుకోదు, అంకెను దాచుకుంటుంది. ఏ అంకెకు ఏ అక్షరమో చెప్పే పట్టిక వేరే ఉంటుంది. చైనా 1980లో జీబీ 2312 అనే పట్టిక చేసుకుంది, అందులో 6,763 చైనీస్ అక్షరాలు. తైవాన్ 1984లో బిగ్ ఫైవ్ అనేది చేసుకుంది, అందులో 13 వేల పైచిలుకు. ఒక పట్టిక ప్రకారం రాసిన అంకెలను రెండో పట్టిక పెట్టుకుని చదివితే ఇంటి నంబరు సరైనదే, ఊరు మాత్రం వేరన్నమాట.

సరే, పట్టిక చూసి అంకెలు మార్చేద్దాం అనుకుంటే అక్కడ ఇంకో మెలిక. చైనాలో లిపిని సులభం చేసినప్పుడు కొన్నిచోట్ల రెండు పాత అక్షరాలను ఒకే అక్షరంలో కలిపేశారు. ‘వెలువరించు’ అనే అర్థమున్న అక్షరం, ‘జుట్టు’ అనే అర్థమున్న అక్షరం ఇప్పుడు చైనాలో ఒకటే. తైవాన్‌లో ఇప్పటికీ రెండు. ఇంజన్ అనే మాట ఆ అక్షరంతోనే మొదలవుతుంది. గుడ్డిగా మార్చే ప్రోగ్రాముకు ఏది ఎంచుకోవాలో తెలియదు. తప్పుది పడిందంటే ఇంజన్ కాస్తా ‘జుట్టును కదిపే యంత్రం’ అవుతుంది. మాట మొత్తం చదివితే తప్ప అక్షరం తేలదు.

ఇక మన సంచిక. దాన్ని పటాన్‌చెరులో ఒక డీటీపీ షాపులో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేశారు. ఆ ఫాంట్లను నేను తక్కువ చేసి మాట్లాడను. పెళ్లి పత్రికల నుంచి పుస్తకాల దాకా ఊరూరా తెలుగు అచ్చయిందంటే అలాంటి ఫాంట్ల పుణ్యమే. కాకపోతే అప్పటి ఫాంటులో ఉండేవి 256 గదులు మాత్రమే. మన గుణింతాలు, వత్తులు అన్నీ కలిపితే వేలల్లో తేలుతాయి. అందుకని వాళ్లు అక్షరాలను ముక్కలు చేసి గదుల్లో పెట్టారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, క్రావడి ఒక ముక్క. కంపోజర్ వాటిని పక్కపక్కన పేరుస్తాడు. అచ్చులో అక్షరంలా కనపడితే చాలు.

మీరెప్పుడైనా ఆ కాలపు పీడీఎఫ్ లోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో అతికించారా? పిచ్చి గుర్తులు వస్తాయి, వాటి మధ్య లెక్కల పుస్తకంలోని అనంతం గుర్తు పదేపదే కనిపిస్తుంది. అది మన కొమ్ము. ‘తెలుగు’ అనే మాటలో అది రెండుసార్లు వస్తుంది, న్యాయమే. కానీ ‘మన’ అనే మాటలో కూడా ఒకటి వస్తుంది. ‘మన’లో కొమ్మెక్కడిది?

ఇక్కడే నాకు మన తెలుగు సారు గుర్తొచ్చారు. “పకు, వకు కొమ్ము కింది నుంచి ఇయ్యాలెరా. వకు మామూలు కొమ్ము ఇస్తే అది మ అయి కూసుంటది” అని పలక మీద దిద్దించేవారు. ఆ ఫాంటు తయారుచేసిన వాళ్లు సరిగ్గా అదే పని చేశారు. వ ముక్క పక్కన మామూలు కొమ్ము పెట్టి మ అన్నారు. ‘వు’కు కింది కొమ్ము వేరే గదిలో పెట్టారు. య కూడా కొమ్ముతోనే పూర్తవుతుంది. కాబట్టి మార్చే ప్రోగ్రాముకు వ ముక్క కనపడగానే అది వ అని తీర్మానించే వీలు లేదు, తరువాతి ముక్క చూడాలి. వకు ఎత్వం కనపడినా ఆగాలి, వెనకాల కొమ్ము వచ్చిందంటే అది ‘వె’ కాదు, ‘మె’.

వరుస కూడా తారుమారే. ‘ప్రభుత్వం’ అన్న మాటలో క్రావడి ఎడమ నుంచి చుట్టుకొస్తుంది కాబట్టి ఫైలులో ముందు క్రావడి, తరువాత ప. మనం పలికేది ప, ఆ తరువాత ర. యూనికోడ్ పలికే వరుసను పట్టుకుంటుంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు ఇచ్చారు, 3072 నుంచి 3199 వరకు 128 గదులు. మ అంటే 3118, ఏ ఫోనులోనైనా, ఏ దేశంలోనైనా. ‘స్త్రీ’కి ఆరు అంకెలు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. వత్తులన్నింటినీ అలా పేర్చి చూపించే బాధ్యత ఫాంటుది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక అది మామూలు ఇళ్లలోని కంప్యూటర్లకూ చేరింది.

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్లున్నారు. 2003లో తెలుగు వికీపీడియాకు పునాది వేసిన వెన్న నాగార్జున గారే పత్రికల సైట్లలోని పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ అనే ప్రోగ్రాము రాశారు. ఒక్కో ఫాంటుకు ఒక్కో పట్టిక, ఒక్కో ముక్కకు ఒక్కో నియమం. జీతం లేని చాకిరీ అది, ఇలాంటి పనులకు సన్మానాలు జరగవు.

మా చిన్న బృందం ప్రోగ్రాము సంచికలో చాలా భాగాన్ని బాగానే మార్చింది. దెబ్బతిన్నది మన తెలుగు సారు రాసిన వ్యాసం. సారు ఇప్పుడు లేరు, చేతిరాత ప్రతి ఇంట్లోవాళ్ల దగ్గర కూడా లేదు. ఆ వ్యాసాన్ని ఎప్పుడో ఎవరో మెయిల్‌లో పంపడానికి మామూలు టెక్స్ట్ ఫైలుగా సేవ్ చేసినట్టున్నారు. ఆ ఫైలే మాకు దొరికింది. తలకట్టు ఉన్నచోట ప్రశ్నార్థకం, కొమ్ము ఉన్నచోట ప్రశ్నార్థకం, క్రావడికీ అదే. పిచ్చి గుర్తులు ఎంత పిచ్చిగా ఉన్నా భయం లేదు, లోపల అంకె క్షేమంగా ఉంటుంది. ప్రశ్నార్థకంగా సేవ్ అయిందంటే అంకె పోయినట్టే, ఏ ప్రోగ్రామూ తిరిగి తేలేదు. అచ్చు ప్రతిలో చూసి టైపు చేద్దామంటే మాకు దొరికిన ఒక్క ప్రతిలో సరిగ్గా ఆ రెండు పేజీలు చెదలు తిన్నాయి. రజతోత్సవ సంచిక ఎవరింట్లో ఉన్నా, అట్ట లేకపోయినా సరే, తెచ్చివ్వండి. పాత సీడీలు, ఫ్లాపీలు ఉన్నా ఇవ్వండి. కానీ తెరిచి సేవ్ మాత్రం చేయకండి, ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వండి.

ఇంకొక్క మాట, మన ఊరి పేరు గురించి. ‘పటేల్‌గూడ’ అని టైపు చేసినప్పుడు ల్ తరువాత కంటికి కనపడని ఒక గుర్తు ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, దాని అంకె 8204. అది లేకపోతే గ వెళ్లి ల కింద వత్తుగా దూరి ‘పటేల్గూడ’ అవుతుంది. మనిషి రెండూ ఒకటే అనుకుని చదువుతాడు, కంప్యూటర్‌కు అవి రెండు ఊళ్లు. పూర్వ విద్యార్థుల జాబితాలో ఒకటి వెతికితే రెండోది దొరకలేదు, మన ఊరివాళ్లే బయటి ఊరివాళ్లయ్యారు. సున్నతోనూ అంతే. ‘గంగ’లోని సున్న వేరు, తెలుగు అంకెల్లోని సున్న వేరు, చూపుకు కవలపిల్లలు. అంకె సున్న పెట్టి రాసిన పేర్లు కూడా వెతికితే దొరకవు.

ఈ రెండింటినీ ప్రోగ్రాముతో సరిచేశాం. ఇంటిపేర్లు మాత్రం ప్రోగ్రాముకు వదలలేదు, అవి ఎలా రాయాలో ఆ ఇంటివాళ్లకే తెలుసు. బ్యాచ్‌ల వారీగా జాబితాలు ప్రింట్ తీసి భోజనాల షెడ్డు దగ్గర బల్ల మీద పెట్టాం, పక్కన ఎర్ర పెన్నులున్నాయి. మీ పేరుతో పాటు ఇవాళ రాలేకపోయినవాళ్ల పేర్లు, మన మధ్య లేనివాళ్ల పేర్లు కూడా చూసి దిద్దండి. సెలవు.