గడప నుంచి గడపకు ఎంత దూరం?

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



"ఢిల్లీ ఎంత దూరమమ్మా? విమానమెక్కితే రెండు గంటలు!" పెళ్ళప్పుడు మా అమ్మాయి అన్న మాట ఇది. ఉద్యోగం వల్ల పురిటికి హైదరాబాదు రాలేకపోయింది. నేనైనా ముందే వెళ్ళవలసింది. ఇంకా పది రోజులుంది, రెండు గంటల ప్రయాణమే కదా అని ఊరుకున్నాను. ఒకరోజు తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయని అల్లుడు ఫోన్ చేశాడు. మా అబ్బాయి పదిన్నర విమానానికి టిక్కెట్టు తీశాడు. భోజనాల వేళకు పిల్ల పక్కన ఉంటాననుకున్నాను. ఆ లెక్క ఎక్కడ తప్పిందో చెబుతాను, మీకు పనికొస్తుంది.

హైదరాబాదు, ఢిల్లీ విమానాశ్రయాల మధ్య తిన్నగా గీత గీస్తే సుమారు 1,260 కిలోమీటర్లు. రైలుకైతే కాజీపేట, నాగపూర్, భోపాల్ మీదుగా 1,670 కిలోమీటర్ల పైమాటే. దాదాపు 26 గంటలు పడుతుంది. విమానం పైకి చేరాక గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ లెక్కన గంటన్నర చాలాలి. కాని టిక్కెట్టు మీద రెండుంపావు గంటలంటారు. ఇక్కడ కదిలింది మొదలు అక్కడ ఆగేదాకా లెక్క కడతారన్నమాట. రన్‌వే దాకా మెల్లగా పోవాలి, వంతు కోసం ఆగాలి, దిగేముందు వేగం తగ్గించాలి, ఒక్కోసారి ఆకాశంలోనే చుట్లు తిరగాలి. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీలో పొగమంచు పట్టిందంటే గంటల తరబడి ఆలస్యం.

ఇదంతా విమానం లెక్క. మన లెక్క వేరు. 2008లో విమానాలు బేగంపేట నుంచి శంషాబాదుకు మారాయి. ఊరి నడుమ నుంచి అది సుమారు పాతిక కిలోమీటర్లు. దేశంలో తిరిగే విమానాలకు సామాను తీసుకునే కౌంటరు సాధారణంగా గంట ముందే మూసేస్తారు. నేనేమో కాయం సీసా, సున్నిపిండి, పాత మెత్తటి చీరలు సర్దుతూ కూర్చున్నాను. తొమ్మిది నలభైకి కౌంటరు చేరాను. "మూసేశామండీ" అన్నాడు అక్కడి అబ్బాయి.

తర్వాతి విమానంలో చోటు దొరికి, ఢిల్లీలో దిగి, సామాను తీసుకుని, టాక్సీలో ఆస్పత్రి చేరేసరికి రాత్రి ఎనిమిదైంది. మనవరాలు పుట్టి అప్పటికి మూడు గంటలు. "తలుపు వైపే చూస్తూ ఉన్నానమ్మా" అంది మా అమ్మాయి. నాకు నోట మాట రాలేదు.

అందుకే చెబుతున్నాను. ఇంటి నుంచి విమానాశ్రయానికి గంటన్నర, అక్కడ రెండు గంటలు, విమానంలో రెండుంపావు, సామానుకు అరగంట, అవతల ఇల్లు చేరడానికి గంట వేసుకోండి. మొత్తం ఏడుంపావు గంటలు! మందులు, కాగితాలు చేతిసంచీలోనే ఉంచుకోండి. అన్నిటికంటే ముఖ్యం, పురిటికి వెళ్ళవలసిన తల్లులు ఫోను వచ్చేదాకా ఆగకండి. నెలలు నిండుతుండగానే బయల్దేరండి. రెండో కాన్పుకు నేను నెల ముందే వెళ్ళాను.

సెలవు.